పసుపు రాడ్లు

కాజ టోల్‌గేటు దగ్గర
టీ గ్లాసు పెదాలకి ఆనించాక గుర్తొచ్చింది.
రాడ్లు తియ్యలేదు.

నాలుగు రాడ్లు. పసుపు రంగు వేసింది నేనే,
మొన్న ఆటోనగర్‌లో, షెడ్డు బయట రేకు నీడలో.
"మర్చిపోకుండా ఉండటానికేరా ఆ రంగు"
అని పోతులూరయ్య మేస్త్రి అంటుంటే
ఊఁ కొడుతూ వేశాను.
మే నెల బెజవాడలో
పొడుగు చేతుల చొక్కా గుండీలు పెట్టుకు తిరిగే మనిషి
ఆయనొక్కడే.

బెల్లోస్ అంటే ఏముంది,
గోరంత మందం లేని స్టీలు రేకు,
మూడు పొరలు, ఒకదాని కడుపులో ఒకటి.
ఆయన దానికి ముడతలు పోస్తుంటే
చీర కుచ్చిళ్ళలా ఉందన్నాను ఓసారి.
ఒప్పుకోలేదు.
"కుచ్చిళ్ళు జారతాయి, ఇది జారకూడదు.
మా నాన్న కొలిమి తిత్తి, మేకతోలుది,
అదిరా ఇది.
పీల్చాలి, వదలాలి, చిరగకూడదు."

గుంటూరు దాటాక, చిలకలూరిపేట రోడ్డు పక్కన
మిరపకాయల నుంచి నూనె తీసే ఫ్యాక్టరీ.
బాయిలర్ దగ్గర్నుంచి నలభై మీటర్ల పైపు.
చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిమంతురాలు.
ఆవిరి ఎక్కిందా,
నాలుగు వేళ్ళ వెడల్పు పెరుగుతుంది.
నాలుగు వేళ్ళే.
ఆ నాలుగు వేళ్ళకి చోటు లేకపోతే
గోడని తోస్తుంది, బోల్టుల తలలు ఎగరగొడుతుంది.
రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు కదా,
రోలు తప్పేముంది?
ఒక్క ముడత ఉంటే పగిలేది కాదు.

లారీ కుదుపులకి ఆ ముడతలు సాగకుండా
అటూ ఇటూ కట్టేసి పంపే రాడ్లవి.
పైపుకి బిగించాక తీసెయ్యాలి.
లేకపోతే అది తిత్తి కాదు,
ఊపిరి బిగపట్టిన గొట్టం ముక్క.

నాలుగింటికి ఆవిరి వదుల్తానన్నాడు నాగుల్ మీరా.
ఇప్పుడు మూడు దాటింది.
రింగవుతోంది, ఎత్తడు.
టీ డబ్బులిచ్చానో లేదో.

గేటు లోపల, లైటు కింద
తొడిమలు తీసే ఆడవాళ్ళు, ముక్కులకి కొంగులు కట్టుకుని.
"ఏం అబ్బాయ్, స్పానర్ మర్చిపోయావా?" సలోమి పిన్ని.
"స్పానర్ ఉంది పిన్నీ."
నిచ్చెన మూడో మెట్టు మీద తుమ్మాను.
తుమ్మితే ఆగాలంటారు.
మిరప గోడౌన్లో తుముక్కి శకునమేంటి,
ఎక్కాను.

మూడు నట్లు వచ్చాయి.
నాలుగోది రాలేదు.
పెయింటు గడ్డకట్టుకుని ఉంది. నా పెయింటే,
ఒళ్ళు దాచుకోకుండా రెండు కోట్లు వేశాను.
సుత్తి వెయ్యడానికి లేదు, పక్కనే పలచటి రేకు.
కింద నాగుల్ మీరా,
ఒక చెయ్యి వాల్వు చక్రం మీద, ఒక చేతిలో బీడీ.
"ఎంతసేపు?"
"రెండు నిమిషాలు భాయ్."
"బీడీ అయ్యేదాకా," అన్నాడు.
దాన్నెంత నెమ్మదిగా కాల్చాడో
నేనే చూశాను.

తర్వాత పైపు టక్కుమంది,
ఎవరో మెటికలు విరిచినట్టు.
సుద్దముక్కతో గీసిన గీత కదిలింది.
ముడతలు ఒకదాని మీదకొకటి జరిగాయి,
బస్సులో ఇంకొకరికి చోటిచ్చే మనుషుల్లాగ.
అంతే. ఇంకేమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడాన్ని
తెల్లారేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఐదున్నరకి మేస్త్రి ఫోను.
"తీశావా?"
"తీశాను."
ఎప్పుడని అడగలేదు.
కాస్త ఆగి, "నేను తియ్యలేదురా, ఒకసారి" అని
పెట్టేశాడు.

కాజ దగ్గర మళ్ళీ ఆగాను.
బండి మీద నాలుగు రాడ్లు గలగలమంటున్నాయి.
పాత టీకి డబ్బులిచ్చి కొత్తది తీసుకున్నాను.
ఎండ ఎక్కుతోంది.
ఆ పొడుగు చేతుల చొక్కా గురించి
ఇక అడగనక్కర్లేదు.